గాటు, గంట, మేకు: మూడు అరల పాత పుస్తకాలు

మెషిన్ డిజైన్ పుస్తకాలు, జేబుదొంగల గురించిన పుస్తకాలు, ఒళ్ళు జలదరించే చీకటి కథలు. ఈ మూడూ ఒకే అలమరలో సర్దుకున్నవాళ్ళు ఒకప్పుడు తక్కువేం కాదు. పైకి పొంతన లేని అభిరుచిలా కనిపిస్తుంది గానీ, మూడింటిలోనూ రచయిత వెతికేది బలహీనమైన చోటునే. ఇనుములో అయితే అది ఒక గాటు. మనిషిలో అయితే పరధ్యానం. కథలో అయితే పాఠకుడు చూసి కూడా పట్టించుకోకుండా దాటేసిన ఏదో చిన్న వస్తువు. మంచి పుస్తకం ఆ చోటును వేలు పెట్టి చూపించేది, వీలైతే కొలతతో సహా. వాటి మీద మమకారం ఇంకా చావకపోవడానికి ఆ కొలతే కారణం.

ముందు డిజైన్ డేటా బుక్ సంగతి. అందులో చదువుకోవడానికి వాక్యాలంటూ పెద్దగా ఉండేవి కావు. పట్టికలు, గ్రాఫులు, మడతపెట్టి అతికించిన చార్టులు, అంతకు ముందు వాడినవాళ్ళు మార్జిన్‌లో పెన్సిల్‌తో దిద్దిన అంకెలు. అయినా దాన్ని తిరగేస్తూ గంటలు గడిపేయొచ్చు. 500 న్యూటన్-మీటర్ల టార్క్ (మెలితిప్పే బలం) మోసే గుండ్రటి షాఫ్ట్ (తిరిగే ఇరుసు కడ్డీ) కావాలనుకోండి. అనుమతించే షియర్ స్ట్రెస్, అంటే మెలి వల్ల లోహంలో పుట్టే ఒత్తిడి, చదరపు మిల్లీమీటరుకు 40 న్యూటన్లు. టార్క్‌ని న్యూటన్-మిల్లీమీటర్లలోకి మార్చి, అంటే 5,00,000 చేసి, 16తో గుణించి, పై (π) విలువతోనూ 40తోనూ భాగిస్తే వ్యాసం ఘనం వస్తుంది: సుమారు 63,660. ఘనమూలం 40 మి.మీ.కి వెంట్రుకవాసి తక్కువ. ఇక్కడితో పుస్తకం మూసేసినవాడు కీ అనే చిన్న ఇనుప ముక్క సంగతి మరిచినట్టే. షాఫ్ట్ మీద పుల్లీ జారకుండా ఉండాలంటే కీ కావాలి, కీ కూర్చోవాలంటే షాఫ్ట్‌లో గాడి తవ్వాలి. గాడి పడ్డ షాఫ్ట్‌కి పాత అమెరికన్ కోడ్ అనుమతించిన స్ట్రెస్‌లో నాలుగో వంతు కోసేసేది. 40 కాస్తా 30 అవుతుంది. వ్యాసం 44 దగ్గర తేలుతుంది. దొరికే బేరింగ్ సైజు చూసుకుని 45 ఖాయం చేసేవారు.

ఎక్కువ మంది బోల్తా పడేది ఫార్ములా దగ్గర కాదు, యూనిట్ల దగ్గర. పాత ఎడిషన్లలో స్ట్రెస్ విలువలన్నీ చదరపు సెంటీమీటరుకు కిలోగ్రాముల్లో ఉండేవి. అందులో 400 అని కనిపిస్తే అది న్యూటన్, మిల్లీమీటర్ల లెక్కలో 39.2. పేజీ పైన ఉన్న యూనిట్ చూడకుండా ఆ 400నే సూత్రంలో పెట్టేస్తే షాఫ్ట్ వ్యాసం 18.5 మి.మీ. వస్తుంది. లెక్కలో ఎక్కడా తప్పుండదు, షాఫ్ట్ మాత్రం పనికిరాదు. స్లైడ్ రూల్ రోజుల్లో ఈ తప్పు కాస్త తొందరగా పట్టుబడేది. ఆ సాధనం మూడు అంకెలే చూపిస్తుంది, దశాంశ బిందువు ఎక్కడ పెట్టాలో మనిషే తేల్చుకోవాలి. కాబట్టి లెక్క మొదలెట్టకముందే జవాబు ఏ మాత్రం ఉండాలో మనసులో ఓ అంచనా ఉండేది. కాలిక్యులేటర్ పది అంకెలు ఇచ్చింది, ఆ అంచనాను పట్టుకుపోయింది.

స్ట్రెస్ ఒకే చోట పోగుపడడాన్ని చూపే స్ట్రెస్ కాన్సన్‌ట్రేషన్ చార్టులది ఇంకో లోకం. వెడల్పాటి రేకును లాగుతూ మధ్యలో గుండ్రటి రంధ్రం చేస్తే, రంధ్రం అంచున స్ట్రెస్ మూడు రెట్లవుతుందని కిర్ష్ 1898లో తేల్చాడు. రంధ్రం ఎంత చిన్నదైనా మూడు రెట్లే, అదీ విచిత్రం. ఇంగ్లిస్ 1913లో గుండ్రటి రంధ్రం బదులు కోడిగుడ్డు ఆకారం తీసుకుని, లాగే దిశకు అడ్డంగా అది ఎంత సన్నగా సాగితే కొసన స్ట్రెస్ అంతగా పెరుగుతుందని చూపించాడు. బీట అనేది ఆ లెక్కకు చివరి మెట్టు. పగిలిన రేకులో బీట కొస దగ్గర డ్రిల్‌తో రంధ్రం చేసి బీటను ఆపే మరమ్మతు చిట్కాకు ఆధారం ఇదే: పదునైన కొసకంటే గుండ్రటి రంధ్రమే మేలు. అయితే బీట కనిపించే చోటు దాటి ఇంకాస్త ముందుకు పాకి ఉంటుంది. రంధ్రం అసలు కొసను మింగకపోతే చిట్కా వృథా.

పీటర్సన్ ఈ అంకెలన్నీ ఒకచోట చేర్చి 1953లో వేసిన పుస్తకం డిజైన్ ఆఫీసుల్లో పేజీలు నలిగిపోయేదాకా తిరిగింది. 60 మి.మీ. వ్యాసం నుంచి 40కి దిగే మెట్టు ఉన్న షాఫ్ట్‌ను వంచే బలం కింద చూడండి. మెట్టు మూలలో ఫిల్లెట్, అంటే మూలను నునుపు చేసే వంపు, రేడియస్ 4 మి.మీ. అయితే స్ట్రెస్ సుమారు 1.7 రెట్లు. 0.8 మి.మీ. అయితే 2.5 దాటుతుంది. మరి అందరూ 4 మి.మీ. ఇచ్చేస్తే పోయేదిగా? అక్కడే బేరింగ్ అడ్డుపడుతుంది. 40 మి.మీ. బోర్ (లోపలి రంధ్రం) ఉన్న 6208 నంబరు బేరింగ్ లోపలి రింగు మూలకు ఉండే వంపు 1.1 మి.మీ. షాఫ్ట్ ఫిల్లెట్ 1 మి.మీ. దాటితే బేరింగ్ మెట్టుకు ఆనకుండా ఫిల్లెట్ మీదే ఎక్కి కూర్చుంటుంది, కాస్త వంకరగా. కొన్నాళ్ళకు మోత మొదలవుతుంది, అందరూ బేరింగ్‌ను తిడతారు. దీనికి మందు రెండు రకాలు: మెట్టుకూ బేరింగ్‌కూ మధ్య లోపలి అంచు బాగా చెక్కిన రింగు వేసి ఫిల్లెట్‌ను పెద్దదిగా ఉంచుకోవడం, లేదా మెట్టులోకే వంపును తొలిచేయడం. ఈ రెండు బొమ్మలూ పాత డిజైన్ పుస్తకాల్లో పక్కపక్కనే ఉండేవి. ఎందుకో కొత్తవాటిలో వెతుక్కోవాల్సి వస్తోంది.

ఇవాళ సాఫ్ట్‌వేర్ ఆ మూలను ఎర్రగా చూపిస్తుంది. బాగానే ఉంది. పదునైన లోపలి మూలను రేడియస్ లేకుండా గీసి, లెక్క కోసం ఆకారాన్ని విడగొట్టే గళ్ళను (మెష్) సన్నబరుస్తూ పోతే స్ట్రెస్ పెరుగుతూనే ఉంటుంది, ఎక్కడా ఆగదు. చార్టులతో పెరిగినవాడు ఆ అంకెను నమ్మడు. ముందు రేడియస్ ఎంతో చెప్పమంటాడు.

చార్టు చదవడంలోనూ గోతులున్నాయి. లాగ్ స్కేలు మీద 10కీ 100కీ సరిగ్గా మధ్యన ఉన్న బిందువు 55 కాదు, సుమారు 32. పదేపదే బరువు పడి లోహం అలిసిపోవడాన్ని చూపే ఫెటీగ్ గ్రాఫుల్లో ఈ పొరపాటు చేస్తే ఆయుష్షు లెక్క ఎటో పోతుంది. జిరాక్స్ కాపీలతో ఇంకో తంటా: లావుపాటి పుస్తకాన్ని గాజు మీద బోర్లిస్తే కుట్టు దగ్గర పేజీ లేచి, గ్రాఫు ఆ వైపు నొక్కుకుపోయేది. స్కేలు పెట్టి కొలిచినవాడికి తప్పుడు విలువ. గ్రాఫులోని గళ్ళను లెక్కపెట్టుకుంటూ పోయినవాడికి సరైన విలువ, ఎందుకంటే గీతతో పాటు గళ్ళూ వంగాయి.

డిజైన్ అరలో ఉండి కూడా పక్క అరల వైపు చూసేవి, కూలిపోయిన వాటి మీద రాసిన పుస్తకాలు. 1954లో కామెట్ అనే బ్రిటిష్ జెట్ విమానాలు గాలిలోనే విచ్చిపోయాయి. సముద్రం అడుగునుంచి తీసిన శకలాల్లో ఒకదాని బీట, యాంటెన్నా కోసం పైకప్పులో పెట్టిన కిటికీ మూల దగ్గర మొదలైంది. 1981 జూలై 17న కాన్సస్ సిటీలో హయత్ రీజెన్సీ హోటల్ లాబీలో వేలాడే నడకదారులు కూలి 114 మంది చనిపోయారు. అక్కడ మొదటి డ్రాయింగ్‌లో పైకప్పు నుంచి పొడవాటి రాడ్ ఒక్కటే పై నడకదారినీ కింది నడకదారినీ దాటుకుంటూ దిగాలి. కట్టేటప్పుడు దాన్ని రెండు ముక్కలు చేశారు: పైకప్పు నుంచి పై దారికి ఒకటి, పై దారి నుంచి కింది దారికి ఇంకొకటి. ఒకే రాడ్ అయితే పై దారి కింద ఉన్న నట్ తన దారి బరువే మోసేది. రెండయ్యాక అదే నట్ రెండు దారుల బరువూ మోయాల్సి వచ్చింది. మొదటి డిజైన్‌కే చాలినంత బలం లేదు, ఈ మార్పు ఆ నట్ మీద బరువును రెట్టింపు చేసింది. రెండు చానళ్ళను అంచులు కలిపి వెల్డ్ చేసిన బీమ్‌లోంచి నట్ చీల్చుకుని పైకి వచ్చేసింది. ఇద్దరు మనుషులు ఒకే తాడు పట్టుకుని వేలాడడానికీ, ఒకడి కాళ్ళు పట్టుకుని రెండోవాడు వేలాడడానికీ ఉన్న తేడా ఇది. ఆ బొమ్మ చూశాక ఏ డ్రాయింగ్‌లోనైనా నట్ కనిపిస్తే దాని కింద ఏముందో వెతకడం అలవాటైపోతుంది.

మొదటి అరకూ రెండో అరకూ మధ్య తలుపు లాంటిది తాళాల పుస్తకం. లండన్‌లో జోసెఫ్ బ్రామా తన దుకాణం కిటికీలో ఒక తాళం పెట్టి, దీన్ని తెరిచే పనిముట్టు చేసినవాడికి 200 గినీలు (అప్పటి బంగారు నాణేలు) ఇస్తానని బోర్డు రాయించాడు. ఆ సవాలు అరవై ఏళ్ళు నిలిచింది. 1851లో హాబ్స్ అనే అమెరికన్ దాన్ని తెరిచాడు, 16 రోజుల్లో మొత్తం 51 గంటలు కూర్చుని. తాళంలో 18 స్లైడర్లు (జారే ముక్కలు), ఒక్కోటి ఒక్కో లోతుకు నొక్కితేగానీ మధ్య గొట్టం తిరగదు. బలహీనత ఎక్కడంటే, 18 ముక్కల్నీ అచ్చు గుద్దినట్టు ఒకే కొలతతో చేయడం ఎవరి తరమూ కాదు. గొట్టాన్ని తిప్పే బలం కొద్దిగా, నిలకడగా వేసి ఉంచితే బరువు అన్నిటి మీదా సమానంగా పడదు, ఏదో ఒకటి ముందు బిగుసుకుంటుంది. దాన్ని సర్దితే తర్వాతది. అంటే దొంగకు దారి ఇచ్చింది డిజైన్ కాదు, టాలరెన్స్, అంటే తయారీలో తప్పని కొలత తేడా. ఇదంతా 1853లో పుస్తకంగా వచ్చినప్పుడు, ఇలాంటివి అచ్చువేస్తే దొంగలకు నేర్పినట్టు కాదా అనే ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది: దొంగలకు మనం నేర్పగలిగినదానికంటే ఎక్కువే ఇప్పటికే తెలుసు, తెలియనిది తాళం కొనేవాళ్ళకే. భద్రత గురించి ఇప్పటికీ జరుగుతున్న వాదనలో అంతకంటే సూటి మాట అరుదు.

వీధి నేరాల పుస్తకాల్లో ఎవరూ మరిచిపోలేని పేజీ 1585 నాటిది. లండన్ నగర న్యాయాధికారి ఫ్లీట్‌వుడ్ పైవాళ్ళకు రాసిన ఉత్తరంలో, బిల్లింగ్స్‌గేట్ దగ్గర సారాయి కొట్టులో నడిచిన ఒక బడిని వర్ణించాడు. రెండు వస్తువులు వేలాడదీశారు: ఒకటి జేబు, ఇంకోటి డబ్బు సంచి. జేబులో బిళ్ళలు, సంచిలో వెండి. చుట్టూ డేగల కాళ్ళకు కట్టే చిన్న గంటలు, పైన ఇంకో గంట. మోగకుండా బిళ్ళ తీసినవాడికి ఒక బిరుదు, మోగకుండా సంచిలోంచి వెండి తీసినవాడికి మరొకటి. దొంగల బడి అనగానే కవిత్వం అల్లే రచయితలు చాలామంది ఉన్నారు. ఈ ఉత్తరంలో అలాంటిదేమీ లేదు, పరీక్ష పరికరం వర్ణన మాత్రమే ఉంది. చదివినవాడు దాన్ని మళ్ళీ తయారుచేయగలడు.

కొన్నేళ్ళకే, 1591-92 ప్రాంతంలో రాబర్ట్ గ్రీన్ అనే ఇంగ్లీషు రచయిత చిన్న చిన్న పుస్తకాలుగా ఈ విద్యల గుట్టు విప్పాడు. అప్పట్లో డబ్బు సంచి నడుం పట్టీకి వేలాడేది. దాన్ని కత్తితో కోసేవాడు వేరు, వేళ్ళతో తీసేవాడు వేరు. రెండోవాడికి మొదటివాడంటే ఎంత చిన్నచూపంటే, తిండి కోసుకోవడానికైనా నడుముకి కత్తి పెట్టుకోడట. గ్రీన్ ఎంతవరకు చూసి రాశాడో, ఎంత కల్పించాడో అనే అనుమానం ఉండాల్సిందే. ఆ చిన్న పుస్తకాలు అమ్ముడుపోవాలిగా. కానీ చేతివాటంలోనూ కులీనత ఉంటుందన్న ఆ వివరం నమ్మబుద్ధేస్తుంది.

1955లో డేవిడ్ మౌరర్ జేబుదొంగల మీద రాసిన పుస్తకం గ్రీన్‌కు పూర్తి విరుగుడు. ఆయన భాషాశాస్త్రవేత్త, వాళ్ళ మాటలు సేకరించబోయి వాళ్ళ పని మొత్తాన్నీ రికార్డు చేశాడు. ముఠాలో ఎవరి పని వారిది: మనిషికి అడ్డం నిలబడి నడక ఆపేవాడు, తీసేవాడు, తీసినదాన్ని అందుకుని పక్కకు తప్పుకునేవాడు. పర్సు ఎక్కడుందో ముందుగా బట్టల పైనుంచే తడిమి చూసుకుంటారు. ఒళ్ళు ఒక వైపు గట్టిగా ఒత్తుకుంటే రెండో వైపు తేలికపాటి తాకిడి తెలియదన్నదే మొత్తం కిటుకు. పట్టుబడితే తీసినవాడి దగ్గర ఏమీ ఉండదు. ఇది చదివినవాడు రద్దీలో ఎవరైనా హఠాత్తుగా ఎదుట ఆగిపోతే జేబు వైపు కాదు, ముందు పక్కన ఎవరున్నారో చూస్తాడు. మూడు పేకముక్కలు బోర్లించి, ఫలానాది ఎక్కడుందో చెప్పమని పందెం కట్టించే వీధి ఆట కూడా ఇంతే. చేతిలో రెండు ముక్కలు కలిపి పట్టుకుని, కిందది వేస్తున్నట్టు చేసి పైది వేయడం అందులో చిన్న భాగం. అసలు యంత్రం చుట్టూ నిలబడి గెలుస్తున్నట్టు నటించే మనుషులు. ముక్క మూల వంచి మీకు సైగ చేసేవాడూ ఆ ముఠావాడే.

ఈ అరలో తర్వాత వచ్చినవాటిలో నేరస్తుడి మనసు గురించి పేజీలకు పేజీలు రాసినవి చాలావరకు వాడిపోయాయి. నిలిచినవి వస్తువులను చూసినవే. కోహెన్, ఫెల్సన్ అనే సామాజిక శాస్త్రవేత్తలు 1979లో రాసిన వ్యాసంలో దొంగతనానికి మూడు కావాలన్నారు: చేయాలనుకునే మనిషి, అందుబాటులో అనువైన వస్తువు, కాపలా లేకపోవడం. అది చెప్పి ఊరుకోకుండా అమ్మకాల కేటలాగు తిరగేశారు. 1960లో అందులో ఉన్న అన్నిటికంటే తేలికైన టీవీ 38 పౌన్లు, 1970కి 15 పౌన్లు. టీవీని చంకలో పెట్టుకుపోయేంత తేలిక చేసింది డిజైన్ ఇంజనీరే. పశ్చిమ జర్మనీలో 1960ల మొదట్లో కార్లన్నిటికీ, పాతవాటితో సహా, స్టీరింగ్ తాళం తప్పనిసరి చేస్తే దొంగతనాలు పడిపోయాయి. బ్రిటన్‌లో కొత్త కార్లకే పెడితే దొంగలు పాత కార్ల మీద పడ్డారు. 1980లో అదే పశ్చిమ జర్మనీలో హెల్మెట్ లేనివాళ్ళకు అక్కడికక్కడే జరిమానా మొదలయ్యాక మోటార్ సైకిళ్ళ దొంగతనాలు కొన్నేళ్ళలో మూడో వంతుకు దిగాయి. దొంగతనం ఆపుదామని ఎవరూ అనుకోలేదు. బండి కొట్టేయాలన్న బుద్ధి అప్పటికప్పుడు పుడుతుంది, అప్పుడు చేతిలో హెల్మెట్ ఉండదు, అంతే.

ఇక చీకటి కథలు. వీటిని తక్కిన రెండిటితో కలిపి చదివినవాళ్ళకు అమెరికన్ రచయిత ఎడ్గార్ అలన్ పో ఇష్టుడు కావడంలో ఆశ్చర్యం లేదు. 1841లో ఆయన రాసిన ర్యూ మోర్గ్ హత్యల కథలో మూసిన గది చిక్కుముడి విడేది ఒక మేకు దగ్గర. కిటికీకి కొట్టిన మేకు తల దాకా దిగి ఉంది, పోలీసులు చూసి తృప్తిపడ్డారు. దాన్ని తాకితే తల చేతిలోకి వస్తుంది: లోపల ఎప్పుడో విరిగిపోయింది. కిటికీని మూసి పట్టుకున్నది మేకు కాదు, కనిపించని స్ప్రింగ్. కామెట్ కిటికీ గురించి చదివిన కళ్ళకు ఇది వేరే అరలోని పుస్తకమని అనిపించదు. పైనుంచి చూసి బాగుందనడం తనిఖీ కాదని 1841లో ఒక కథ చెప్పింది.

1846 నాటి వ్యాసంలో పో తన కాకి పద్యాన్ని (ది రావెన్) ఎలా కట్టాడో మెట్టుమెట్టుగా వివరించాడు: ముందు పాఠకుడిలో కలగాల్సిన అనుభూతి ఏదో ఎంచుకోవాలి, ఒకే కూర్చోవడంలో చదివే నిడివి ఉండాలి, సుమారు నూరు పంక్తులనుకున్నాడు, పద్యం 108 అయింది. నిజంగా అలాగే రాశాడా అంటే నమ్మకం తక్కువే. రాసేశాక గీసిన డ్రాయింగ్ లాగే ఉంటుంది అది. అయినా భయాన్ని గణిత సమస్యలా లెక్కకట్టి చూపించే ధైర్యం ముచ్చటేస్తుంది. ఇంగ్లీషు నవలా రచయిత్రి ఆన్ రాడ్‌క్లిఫ్ చనిపోయాక 1826లో అచ్చయిన ఆమె వ్యాసం ఇంకా పనికొస్తుంది. రాబోయేదేదో తెలియని బెదురు మనసును విప్పారజేస్తుందనీ, కళ్ళెదుట పడ్డ బీభత్సం దాన్ని గడ్డకట్టిస్తుందనీ ఆమె విడదీసింది. దయ్యం కథలు రాసిన ఎం.ఆర్. జేమ్స్ 1924లో అలాంటి కథకు అన్నిటికంటే విలువైనవి రెండన్నాడు: వాతావరణం, జాగ్రత్తగా పెంచుకుంటూ పోయే ఉద్ధృతి. మొదట మామూలు మనుషులు తమ మామూలు పనుల్లో ఉండాలి, కీడు నెమ్మదిగా తల ఎత్తాలి.

చెడిపోయే కథలు చెడిపోయేదీ అక్కడే. మొదటి పేజీలోనే గాలివాన, గబ్బిలాలు, కీచుమనే తలుపు పెట్టేస్తే ఇక పెంచడానికి జాగా ఉండదు. రెండో తప్పు, ఆ ఆకారానికి ఎన్ని కోరలో ఎన్ని కళ్ళో లెక్క చెప్పేయడం. డిజైన్ పుస్తకంలో కొలత నమ్మకాన్నిస్తుంది, భూతానికి కొలత ఇస్తే అది జంతుప్రదర్శనశాలకు పోతుంది. కొలత ఇవ్వాల్సింది గదికి, గొళ్ళేనికి, మేకుకు. చుట్టూ ఉన్నవన్నీ పక్కాగా ఉంటే మధ్యలో ఉన్న ఆ ఒక్కటీ అస్పష్టంగా ఉన్నా పాఠకుడు నమ్ముతాడు. మూడోది, ముగింపులో కారణం విప్పి చెప్పడం. హత్య కథకు అది కావాలి, దయ్యం కథకు అది చేటు.

ఈ పుస్తకాల పాత ప్రతులు చేతికొస్తే చూసుకోవాల్సినవి కొన్నున్నాయి. డేటా బుక్ అయితే మడత చార్టులన్నీ ఉన్నాయో లేదో విషయసూచికతో సరిపోల్చాలి. ముందుగా చిరిగిపోయేవి అవే. తప్పొప్పుల చీటీ వెనక అట్టలో ఇరుక్కుని ఉండొచ్చు, దులపకుండా వదలకూడదు. పెన్సిల్ దిద్దుబాట్లు చెరపకముందు ఒకసారి లెక్క చేసి చూడాలి, దిద్దినవాడే కరెక్టయిన సందర్భాలు ఎక్కువ. చవక పత్రికల్లో వచ్చిన చీకటి కథల కాగితం కలపగుజ్జుది. దానిలోని లిగ్నిన్ అనే చెక్క పదార్థం వెలుతురుకు పసుపెక్కుతుంది, కాగితం పెళుసవుతుంది, పిన్నులు తుప్పుపట్టి చుట్టూ కాగితాన్ని తినేస్తాయి. పిన్నును లాగొద్దు, వెనకవైపు కాళ్ళు నిటారుగా లేపి పై నుంచి తీయాలి. జిగురుతో మాత్రమే అంటించిన పుస్తకాన్ని బల్లమీద బోర్లా పరిస్తే వెన్ను పగిలి పేజీలు జారిపోతాయి. చిరుగులకు సెల్లోటేపు వేస్తే కొన్నేళ్ళకు టేపు ఊడిపోతుంది, దాని జిగురు గోధుమరంగు మరకై మిగులుతుంది. పల్చటి కాగితం, గోధుమ గంజి మేలు. గ్రీన్ లాంటి పాత దొంగల పుస్తకాలను మళ్ళీ అచ్చువేసినవి కొనేటప్పుడు వెనక పదాల పట్టిక ఉన్న ప్రతినే చూసుకోవాలి. నాలుగొందల ఏళ్ళ కిందటి దొంగల మాటలు అది లేకుండా సగం అర్థం కావు.